గడప దాటని గిన్నె

నూకరత్నానికీ, ఎదురింటి మితాలికీ మధ్య తీవ్రమైన శత్రుత్వం ఉందని నగర కార్పొరేషన్ కనిపెట్టిన రోజున, వాళ్ళిద్దరూ ఒకే చాప మీద కూర్చుని ఒకే చేటలో చింతచిగురు ఏరుకుంటున్నారు.

"ముందు ఇద్దరూ కాస్త దూరం జరగండి" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ అధికారి. "నా సమక్షంలో ఎలాంటి అవాంఛనీయ సంఘటనా జరగకూడదు."

నూకరత్నం చేట వంక చూసింది. అందులో అవాంఛనీయమైనదల్లా ఒక పుల్ల. తీసి పారేసింది.

వచ్చినాయన పేరు పరాంకుశం. వార్డు సామరస్యాధికారి. చంకలో ఫైలు, మెడలో కార్డు, మొహంలో రెండు దేశాల మధ్య సంధికి బయల్దేరిన రాయబారి గాంభీర్యం. ఆయన రాకకు కారణం తెలియాలంటే ఆ నగరం సంగతి కొంచెం చెప్పాలి.

పేరు చెబితే ఆ నగరంవాళ్ళు నొచ్చుకుంటారు. చెప్పకపోతే మిగతా నగరాలవాళ్ళంతా తమదేననుకుని నొచ్చుకుంటారు. కనుక పేరు వదిలేద్దాం. అదొక పెద్ద తెలుగు నగరం. పొట్ట చేతబట్టుకుని దేశం నలుమూలల నుంచీ జనం అక్కడికి చేరారు. అలాంటివాళ్ళ కోసం కార్పొరేషన్ ఊరి చివర అద్దె బ్లాకులు కట్టించింది. శ్రీకాకుళం నుంచి వచ్చిన సెంట్రింగ్ మేస్త్రి పైడిరాజు, అతని భార్య నూకరత్నం ఒక వాటాలో ఉంటారు. ఎదురు వాటాలో బంగారం పని చేసే బెంగాలీ నిమాయ్, అతని భార్య మితాలి. పై అంతస్తులో మిఠాయి మాస్టరు భంవర్‌లాల్, రాజస్థానీ. పక్కన కేరళ నర్సు లిల్లీకుట్టి. కింద పాతబస్తీ జహీరా బేగం. వరండా చివర నిలబడితే నాలుగు రకాల తాలింపులు, అయిదు రకాల తిట్లు వినిపిస్తాయి.

ఆ ఏడు, ఏ నగరంలో జనం ఎంత కలిసిమెలిసి ఉంటున్నారో తేల్చడానికి ఎవరో పోటీ పెట్టారు. మన నగరానికి అడుగు నుంచి రెండో స్థానం వచ్చింది. అట్టడుగున ఉన్న నగరం అసలు పోటీలోనే లేదు.

కమిషనర్ గారు నిపుణులను పిలిపించారు. నిపుణులు చల్లటి గదిలో కూర్చుని చాలాకాలం పరిశోధించి ఒక మహాసత్యం కనుక్కున్నారు. మన దేశంలో పొరుగింటి గిన్నెను ఎవరూ ఖాళీగా తిరిగి పంపరు. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేస్తారు. అంటే, గిన్నె ఎంత తిరిగితే ప్రేమ అంత. ప్రేమను కొలవలేం. గిన్నెను కొలవొచ్చు.

అలా పుట్టింది గిన్నె చలన సూచిక. ఇంటింటికీ ఒక స్టీలు గిన్నె ఇచ్చారు. దాని అడుగున ఒక బిళ్ళ. ప్రతి గడప పైన ఒక యంత్రం. గిన్నె గడప దాటితే యంత్రం 'కుయ్' మంటుంది, కార్పొరేషన్ ఆఫీసులో లెక్క పడుతుంది. వేరే భాష మాట్లాడే ఇంటికి వెళ్ళి వస్తేనే చెల్లుతుంది. 'గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వరాదు' అని నిబంధనావళి మొదటి పేజీలో పరాంకుశమే స్వహస్తాలతో రాశాడు. ఎదురెదురుగా ఉండీ గిన్నె కదలని ఇళ్ళు శత్రు కుటుంబాలు. అలాంటివాళ్ళను శాంతిభద్రతల దృష్ట్యా నగరం ఒక కొసకు ఒకరినీ, ఇంకో కొసకు ఒకరినీ తరలించాలి.

"మీ రెండు కుటుంబాల మధ్య అంతర్భాషా పాత్ర వినిమయం శూన్యం" అన్నాడు పరాంకుశం ఫైలు తెరిచి. "మీ గిన్నెలు ఒక్కసారి కూడా గడప దాటలేదు."

"గిన్నెందుకు దాటుద్ది బాబూ?" అంది నూకరత్నం. "ఆకలేత్తే మనుసులమే దాటతాం. మాం అందరం కలిసే తింతాం కదేటి?"

"మౌఖిక సామరస్యం చెల్లదమ్మా. మనుషులు దాటితే లెక్కలోకి రాదు. మనుషులకు బిళ్ళలు అంటించే ప్రతిపాదన ఇంకా పరిశీలనలోనే ఉంది. ఇంతకీ గిన్నె ఏదీ?"

నూకరత్నం లేచి బియ్యం డబ్బా మూత తీసింది. కార్పొరేషన్ గిన్నె బియ్యంలో పీకల్లోతు కూరుకుని ఉంది. ఇచ్చిన రోజు నుంచీ అదే వాళ్ళ కొలత. ఒక గిన్నె ఒక ఇంటికి, ఒక గిన్నె రెండో ఇంటికి, అరగిన్నె ఎవరైనా వస్తారేమోనని.

పరాంకుశం నిట్టూర్చాడు. "మీలో బెంగాలీ ఎవరు?"

"నానే బాబూ" అంది మితాలి.

"ఈవిడ మాట్లాడేది తెలుగు కదా!"

"మా అప్ప నేర్పింది. ఏటి, బాగోనేదా?"

ఆయన ఏదో రాసుకున్నాడు. "నెలాఖరున తరలింపు. ఒకరు ఉత్తరపు కాలనీకి, ఒకరు దక్షిణపు కాలనీకి. మధ్యలో మూడు బస్సులు మారాలి కనుక ఘర్షణకు ఆస్కారం ఉండదు."

మితాలి చెయ్యి పొట్ట మీదికి వెళ్ళింది. ఆమెకు నెలలు నిండుతున్నాయి. తల్లి ఎక్కడో నదుల అవతల పల్లెలో మంచాన ఉంది, రాలేదు. "పురుడు నాను పోత్తానమ్మా, నువ్వేటీ బెంగెట్టుకోకు" అని నూకరత్నం ఆ తల్లికి ఫోనులో మాట ఇచ్చింది. ఆవిడకు తెలుగు రాదు, ఈవిడకు బెంగాలీ రాదు. ఇద్దరూ కాసేపు ఏడ్చారు. ఒప్పందం కుదిరింది.

ఇప్పుడు ఆ ఒప్పందానికీ తనకూ మధ్య మూడు బస్సులు.

"ఆగండి బాబూ!" నూకరత్నం గిన్నెను బియ్యంలోంచి లాగింది. "గిన్నె తిరిగితే సాలు కదా? ఇప్పుడే తిప్పుతాను."

"కుదరదు. నమోదైన శత్రువులు రాజీ పడకుండా గిన్నె పంపుకుంటే అది విషప్రయోగ యత్నం కింద వస్తుంది. ముందు రాజీ జరగాలి. రాజీకి శత్రుత్వానికి కారణం కావాలి. కారణం రాసుకుని ఆఫీసుకు రండి."

వెళుతూ వెళుతూ మితాలి ఇంటి వైపు తల తిప్పాడు. మూసి ఉన్న వంటగది తలుపు మీద ఆయన చూపు నిలిచింది. గుమ్మం పక్కనున్న పైడిరాజుకు ఉన్నట్టుండి దగ్గు తెర వచ్చింది. అది ఎంతకీ ఆగకపోయేసరికి పరాంకుశం ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

దగ్గుకు కారణం ఉంది. ఆ తలుపు వెనక పొయ్యి లేదు.

వేవిళ్ళ రోజుల్లో మితాలికి పోపు వాసన తగిలితే చాలు, కడుపులో తిప్పేది. నూకరత్నం ఆ ఇంటి సిలిండరునూ పొయ్యినీ ఎత్తుకొచ్చి తన వంటింట్లో పెట్టేసింది. అప్పటి నుంచీ రెండు కుటుంబాలకూ ఒకటే వంట. ఖాళీ అయిన గదికి నిమాయ్ సున్నం వేసి ఉయ్యాల కట్టాడు. అయితే అద్దె ఒప్పందంలో ఒక షరతు ఉంది: వంటగదిని వంటకు తప్ప మరి దేనికీ వాడరాదు, వాడినచో ఇల్లు ఖాళీ చేయించబడును. కలిసి ఉన్నామని రుజువు చేస్తే ఇల్లు పోతుంది. రుజువు చెయ్యకపోతే ఇళ్ళు విడిపోతాయి.

సాయంత్రం నలుగురూ కూర్చుని తగువు వెతకడం మొదలెట్టారు.

"సీర అడిగితే ఇయ్యలేదని రాసెట్టీ" అన్నాడు పైడిరాజు.

"అడిగితే కదేటి! అడక్కుండానే కట్టుకుపోతాది" అంది నూకరత్నం.

"నీళ్ళ కాడ కొట్టుకున్నారని?"

"నీళ్ళు దానికి నానే పట్టి ఎడతాను."

నిమాయ్ గొంతు సవరించుకున్నాడు. అతని తెలుగులో క్రియలుండవు. "మేస్త్రీ, మాచ్. చేప. చేప జగడా."

నూకరత్నం మితాలి వైపు తిరిగింది.

"అదవును" అంది నూకరత్నం మెల్లగా. "సేపల కూరలో ఆవముద్ద ఏత్తాదిది. పులుపు పడనీదు. ముక్కు అదిరిపోద్ది."

"ఆవ గురించి నీకేటి తెలుసప్పా?" మితాలి నిటారుగా కూర్చుంది. "చింతపండు పోసి సేపని సంపేత్తావు!"

"సేప సచ్చే వత్తాది గుంటా, నాను సంపేదేటి?"

"సచ్చిందాన్ని మళ్ళీ సంపుతావు!"

ఇద్దరి కళ్ళూ నిజంగానే ఎర్రబడటం చూసి పైడిరాజు మధ్యలో దూరాడు. "సాలు, సాలు. దొంగ తగువు సాలు మనకి. నిజం వొద్దు."

ఈలోగా మిగతా బ్లాకులో సామరస్యం ఉరకలు వేస్తోంది. అందులో మొనగాడు భంవర్‌లాల్. మొదటి రోజు తన గిన్నెలో బూందీ పోసి లిల్లీకుట్టి గుమ్మం ముందు పెట్టాడు. ఆమె డ్యూటీకి వెళుతూ దాన్ని లోపలికి జరిపి, కుయ్ మనగానే బయటికి జరిపి, జహీరా బేగం గుమ్మం ముందు పెట్టింది. జహీరా దాన్ని పైకి పంపింది. ఆ బూందీని ఇంతవరకూ ఎవరూ తినలేదు. తినే ధైర్యమూ ఎవరికీ లేదు. కానీ అది వారానికోసారి బ్లాకంతా చుట్టి వస్తోంది. గిన్నె ఎవరిదో తెలిసినంతగా మనిషి ఎవరో తెలియదు. 'ఆదర్శ సామరస్య బ్లాకు' అని గేటు మీద బోర్డు కూడా పెట్టారు. దాని మధ్యలో ఈ రెండు ఇళ్ళే మచ్చ.

మర్నాడు ఆఫీసులో పరాంకుశం కారణం చదివి తల ఆడించాడు.

"ఆవ, చింతపండు. సాంస్కృతిక మూలాలున్న సంఘర్షణ. చాలా లోతైనది. నా సర్వీసులో ఇంత మంచి శత్రుత్వం చూడలేదు. ఆదివారం రాజీ సదస్సు. కమిషనర్ గారికి చిత్రమాలిక పంపాలి. మీరిద్దరూ ఎవరి వంటగదిలో వారు, నా పర్యవేక్షణలో, చేపల కూర వండి గిన్నెలు మార్చుకోవాలి."

ఎవరి వంటగదిలో వారు! పైడిరాజుకు మళ్ళీ దగ్గు వచ్చింది. ఈసారి నిజం దగ్గు.

నూకరత్నం బుర్ర పాదరసంలా పనిచేసింది. "బాబోయ్, అంత పని సెయ్యకండి. మా వేపు రాజీ వంట ఇంట్లో వండకూడదు. ఇంట్లో వండితే పగ ఇంట్లోనే ఉండిపోద్ది. బయట వండాల, పొగతో పాటు పోవాల."

అలాంటి ఆచారం వాళ్ళ వైపు లేదు. ఏ వైపూ లేదు. మితాలి మాత్రం తడుముకోకుండా, "మా వేపూ అంతే బాబూ" అంది.

పరాంకుశం కళ్ళు మెరిశాయి. "రెండు సంస్కృతుల్లోనూ ఒకే ఆచారమా? అద్భుతం! ఆచార గౌరవ నిబంధన కింద అనుమతి మంజూరు."

ఆదివారం పొద్దున్నే పైడిరాజు బ్లాకు ముందు ఖాళీ స్థలంలో ఇటుకలతో రెండు పొయ్యిలు కట్టాడు. నిమాయ్ చేపల బజారు నుంచి ఒక పెద్ద బొచ్చె చేపను మోసుకొచ్చాడు. పరాంకుశం ఒక ప్లాస్టిక్ కుర్చీలో, ఇద్దరికీ మధ్య, గొడుగు కింద కూర్చున్నాడు.

"శత్రువులు ప్రారంభించవచ్చు" అన్నాడు.

ఇటు చింతపండు పులుసు తెర్లింది. అటు ఆవముద్ద ఆవనూనెలో పడింది. పొగ మొదటి అంతస్తు దాటి, రెండో అంతస్తు దాటి, ఒక్కో కిటికీలోకీ వెళ్ళి ఒక్కో మనిషిని బయటికి లాక్కొచ్చింది.

ముందు లిల్లీకుట్టి దిగింది. రెండు కుండల్లోకీ తొంగి చూసి, "రెండూ తప్పే! కొబ్బరిపాలు లేకుండా చేప ఏంటి? పులుపుకి కుడంపులి వెయ్యాలి" అంది.

"కొబ్బరిపాలా? పాయసం సేత్తన్నామేటి?" అంది నూకరత్నం.

జహీరా బేగం నడుం మీద చెయ్యి వేసుకుని వచ్చింది. "అరె, గిదంతా ఏందమ్మా? చేపను మంచిగ ఎర్రగ వేయించి నిమ్మకాయ పిండుతే అయిపాయె. నీళ్ళల్ల పోసి ఏం జేస్తరు, మళ్ళ ఈత నేర్పిస్తరా?"

భంవర్‌లాల్ దూరంగా, ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. "హమ్ చేప తినదు. లేకిన్ ఆ చింతపండు చాలా పుల్ల ఉంది. కొంచెం గుడ్, గుడ్! బెల్లం వెయ్యాలి."

"తినవు గానీ సలహా సెప్తావేటి తాతా?" అంది మితాలి.

"సూంఘా! వాసన చూసింది!"

అతను పైకి పరిగెత్తి బెల్లం తెచ్చాడు. జహీరా తన పెనం తెచ్చి మూడో పొయ్యి పెట్టమని పైడిరాజును నిలదీసింది. లిల్లీకుట్టి కొబ్బరి కోరుతూ కూర్చుంది. నాలుగు భాషల్లో వాదన పెరిగింది. అందులో సగం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమైన సగానికే జహీరా, లిల్లీకుట్టి ఒకరి పేరు ఒకరు అడిగి తెలుసుకున్నారు. ఒకే మెట్లు ఏళ్ళ తరబడి ఎక్కి దిగినవాళ్ళు.

అన్నం ఉడికింది. ఇంతమందికి పళ్ళాలెక్కడివి? నిమాయ్ సంతకు పోయి విస్తరాకుల కట్ట తెచ్చాడు. భంవర్‌లాల్ కోసం నూకరత్నం వేరే పొయ్యి మీద పప్పు, చింతచిగురు వండింది. అంతా నేల మీద వరసగా కూర్చున్నారు.

పరాంకుశం కుర్చీలోంచి లేచి, "ఆగండి! గిన్నెలు మార్చుకోవాలి కదా!" అని అరుస్తూనే ఉన్నాడు. ఎవరో ఆయన ముందు ఒక విస్తరాకు వేశారు. మితాలి ఆవ చేప వడ్డించింది. నూకరత్నం పులుసు పోసింది. అధికారికి రెండు పక్షాల వాదనా వినడం విధి. ఆయన విన్నాడు. రోజూ హోటలు తిండేనని చెప్పి, మళ్ళీ కొంచెం వడ్డించమని రెండు పక్షాలనూ కోరాడు.

అప్పుడు మోగింది ఆయన ఫోను.

ఆఫీసు నుంచి. పొద్దుటి నుంచీ ఈ బ్లాకులో ఒక్క గిన్నె కూడా గడప దాటలేదు. ఎన్నడూ ఆగని భంవర్‌లాల్ గిన్నె కూడా ఆగిపోయింది. ఆదర్శ బ్లాకులో సామరస్యం సున్నా. యంత్రం దానంతటదే అల్లర్ల హెచ్చరిక పంపేసింది. పోలీసు వ్యాను బయల్దేరింది.

"సార్, మీరు క్షేమంగా ఉన్నారా? గుంపు ఏం చేస్తోంది?" అని అడుగుతోంది ఫోను.

"మజ్జిగ పోస్తోంది" అన్నాడు పరాంకుశం.

వ్యాను ఆగింది. లాఠీలతో దూకిన పోలీసులు రెండు నిమిషాలు చుట్టూ చూశారు. వాళ్ళ హెడ్డు పొయ్యి దగ్గరికి వచ్చి వాసన పీల్చి, "ఈ అల్లరి ఎవరు మొదలెట్టారు?" అన్నాడు. అందరూ అందరినీ చూపించారు. లాఠీలు గోడకు చేర్చి వాళ్ళూ ఒక వరసలో కూర్చున్నారు.

ఆ సందడిలో పరాంకుశం ఫోను చెవికి ఆనించుకుని, నిశ్శబ్దమైన చోటు వెతుక్కుంటూ మెట్లెక్కాడు. చేతికంతా పులుసు. కడుక్కోవాలి. తెరిచి ఉన్న తలుపులోకి వెళ్ళాడు. పంపు వంటగదిలోనే ఉంటుంది గదా అని మోచేత్తో తలుపు తోశాడు.

కింద నూకరత్నం గరిటె గాలిలోనే ఆగిపోయింది. "ఓలమ్మో! ఆ బాబు మీ ఇంట్లోకెల్నాడే!"

మితాలి గబగబా మెట్లెక్కలేదు. నూకరత్నం రెండేసి మెట్లు ఎక్కింది.

పరాంకుశం వంటగది మధ్యలో నిలబడి ఉన్నాడు. పొయ్యి లేదు, సిలిండరు లేదు, ఒక్క గిన్నె లేదు. తెల్లటి గోడలు. పాత చీరతో కట్టిన ఉయ్యాల. దాని మీద నుంచి వేలాడుతున్న రంగు కాగితాల చిలకలు. గట్టు మీద మడత పెట్టిన చిన్న చిన్న గుడ్డలు. ఆ గుడ్డల్లో ఒకదాని అంచు నూకరత్నం చీరదని ఆయన గుర్తుపట్టాడు. ఆ చీర కొంగే మొన్న చేట పక్కన చూశాడు, అప్పటికింకా చింపలేదు.

"ఇక్కడ పొయ్యి ఏదీ?" అన్నాడు.

"మా ఇంట్లో ఉంది బాబూ." ఇక దాచి లాభం లేదు. "దానికి వాసన పడక నానే అట్టుకెల్నాను. తప్పు నాది. ఇల్లు తీసుకుంతే మాది తీసుకోండి. దానికి పురుడు పోసిందాకా మాతరం ఒగ్గీండి. దానమ్మకి మాటిచ్చినాను."

పరాంకుశం మళ్ళీ ఉయ్యాల వంక చూశాడు. ఆయన ఉండేది అధికారుల క్వార్టర్సులో. అక్కడ ఆయన గిన్నెను ఆఫీసు బంట్రోతే తిప్పుతాడు. చలనంలో ఆయనదే వార్డుకు ప్రథమ స్థానం. ఎదురు తలుపు వెనక ఎవరుంటారో ఆయనకు తెలియదు.

చెయ్యి కడుక్కున్నాడు. ఉయ్యాలను తడి చేత్తో తాకబోయి, తుడుచుకుని తాకాడు. మెట్లు దిగాడు.

వెళ్ళిపోతుంటే మితాలి అడ్డొచ్చింది. చేతిలో కార్పొరేషన్ గిన్నె. సగం ఆవ చేప, సగం పులుసు చేప, మధ్యలో గోడలా అన్నం. "రాత్రికి తినండి బాబూ. హోటలు కూడు మంచిది కాదు."

ఆ రాత్రి ఆ రెండు ఇళ్ళల్లో ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. పైడిరాజు పెట్టె దించి మళ్ళీ అటక ఎక్కించాడు.

మర్నాడు మధ్యాహ్నం పరాంకుశం వచ్చాడు. ఫైలు లేదు. చేతిలో గిన్నె ఉంది. శుభ్రంగా తోమి ఉంది. నూకరత్నం అందుకుని లోపలికి చూసింది. మడిచిన కాగితం.

"ఇదేటి బాబూ? తినడానికేటీ దొరకలేదా?"

"ఖాళీగా ఇవ్వకూడదు కదమ్మా" అన్నాడాయన ఇబ్బందిగా. "మా ఇంట్లో వండేవాళ్ళు లేరు. నాకు తయారు చేయడం వచ్చింది ఇదొక్కటే."

పైడిరాజు కూడబలుక్కుని చదివాడు. "'ఒకే పొయ్యిపై వండుకొను వారు ఎన్ని గదులలో నివసించినను ఒకే కుటుంబముగా పరిగణింపబడుదురు. ఒక కుటుంబమును రెండు కాలనీలకు తరలించుట నిబంధనలకు విరుద్ధము. ఒక కుటుంబము తనతో తాను శత్రుత్వము వహించుట అసాధ్యము కాకపోయినను, సదరు విషయము ఈ శాఖ పరిధిలోనికి రాదు. ఇక ఉయ్యాల గల గది విషయము: అందు శిశువు పాలు త్రాగబోవుచున్నందున, అది ఆహార సంబంధమైన గదియే. తరలింపు రద్దు.'"

ఎవరికీ పూర్తిగా అర్థం కాలేదు. చివరి రెండు మాటలు అందరికీ అర్థమయ్యాయి. మితాలి నూకరత్నం భుజం మీద మొహం పెట్టుకుని ఏడ్చింది. "ఏడవకే పిచ్చిగుంటా, లోపలోడు బెదిరిపోతాడు" అని నూకరత్నమూ ఏడ్చింది. అప్పటికే కింద జహీరా, లిల్లీకుట్టి, భంవర్‌లాల్ వచ్చే ఆదివారం ఎవరి వంటో తేల్చుకోలేక పెద్ద గొంతులతో పోట్లాడుకుంటున్నారు. బూందీ గిన్నె మెట్ల మీద దిక్కులేకుండా పడి ఉంది. చీమలే దానికి చుట్టాలయ్యాయి.

"మరి వస్తానమ్మా" అన్నాడు పరాంకుశం.

"ఉండండి." మితాలి కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళింది. కాగితం తీసేసిన గిన్నెలో వేడి అన్నం, ఆనపకాయ పులుసు, పక్కన రెండు వడియాలు పెట్టి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"వద్దమ్మా, పనుంది..."

"తీసుకెల్లండి బాబూ" అంది నూకరత్నం. "రేపు తెచ్చి ఇద్దురు గానీ. ఈపాలి మాతరం కాయితం ఎట్టకండి. చారెడు బియ్యం ఏసినా సాలు. వంట రాకపోతే రండి, చారు కాయడం నేర్పుతాను."

పరాంకుశం గిన్నె వంక చూశాడు. నిబంధనావళి మొదటి పేజీ గుర్తొచ్చింది. దాన్ని రద్దు చేసే అధికారం తనకు లేదు. జాగ్రత్తగా, తొణక్కుండా, రెండు చేతులతో గిన్నె పట్టుకుని గడప దాటాడు.

పైన యంత్రం కుయ్ మంది.